బెంగళూరు నుంచి టోక్యోకు దూరం ఎంత, విమానంలో ఎన్ని గంటలు పడుతుంది?

మారతహళ్లిలో ఉంటున్న ఒక తెలుగు మిత్రులు అడిగిన ప్రశ్న ఇది. వారి అమ్మానాన్నలు జనవరిలో టోక్యోలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్తున్నారు. విమానం బెంగళూరులో రాత్రి 8 గంటలకు బయలుదేరి మర్నాడు ఉదయం 7.30కి నారితాలో దిగుతుందనీ, తిరుగు ప్రయాణంలో సాయంత్రం 6కి అక్కడ బయలుదేరి రాత్రి 12.30కి ఇక్కడ దిగుతుందనీ టికెట్టు మీద ఉందట. "అంటే వెళ్లడానికి పదకొండున్నర గంటలు, రావడానికి ఆరున్నర గంటలేనా? దూరం ఒకచోట 6,700 అనీ మరోచోట 3,600 అనీ కనిపిస్తోంది, ఏది నమ్మాలి? అమ్మకు మోకాళ్ల నొప్పులు, నేరుగా పంపడం మంచిదా, మధ్యలో ఎక్కడైనా దించి పంపడం మంచిదా?" అని వారు అడిగారు.

నేను ఇరవై ఏళ్లకు పైగా ఫ్లైట్ డిస్పాచ్ విభాగంలో పనిచేశాను. విమానం ఏ దారిన వెళ్లాలి, ఎంత ఎత్తులో వెళ్లాలి, ఎంత ఇంధనం నింపుకోవాలి అన్న లెక్కలు వేసి, బయలుదేరే ముందు పైలట్ చేతికి కాగితం అందించే పని అది. కాబట్టి మీ ప్రశ్న నేను రోజూ చూసిన లెక్కే. ముందుగా సూటి జవాబు చెబుతాను. మీ టికెట్టు ప్రకారం వెళ్లడానికి పట్టేది 8 గంటలు, తిరిగి రావడానికి పట్టేది 10 గంటలు. ఏ ప్రయాణం పొడుగు, ఏది పొట్టి అన్న విషయంలో మీకు వచ్చిన జవాబుకూ అసలు సంగతికీ మధ్య ఉన్నది చిన్న తేడా కాదు, అది పూర్తిగా తలకిందులైన లెక్క. తిరుగు ప్రయాణం తేలికగా అయిపోతుందనుకుని అమ్మగారిని పంపితే ఆ పది గంటలు ఆమెకు చాలా భారంగా తోస్తాయి, అందుకే ఇది వివరంగా చెప్పవలసిన విషయం అనుకుంటున్నాను.

పొరపాటు ఎక్కడ జరిగిందంటే, టికెట్టు మీద బయలుదేరే సమయం బయలుదేరే ఊరి గడియారం ప్రకారమూ, చేరే సమయం చేరే ఊరి గడియారం ప్రకారమూ ఉంటాయి. జపాన్ గడియారం మనకంటే మూడున్నర గంటలు ముందుంటుంది. రెండు దేశాల్లోనూ వేసవికోసారి గడియారం ముందుకు జరిపే పద్ధతి లేదు కాబట్టి ఈ మూడున్నర గంటల తేడా ఏడాది పొడుగునా మారదు. రాత్రి 8కి ఇక్కడ బయలుదేరిన విమానం ఉదయం 7.30కి అక్కడ దిగేటప్పుడు మన ఇంట్లో గోడ గడియారం తెల్లవారుజామున 4 గంటలు చూపిస్తుంది, అంటే ప్రయాణం 8 గంటలు. తిరిగి వచ్చేటప్పుడు అక్కడ సాయంత్రం 6 అంటే మనకు మధ్యాహ్నం 2.30, అక్కడి నుంచి రాత్రి 12.30 దాకా లెక్కిస్తే 10 గంటలు. మీరు వేసిన పదకొండున్నర, ఆరున్నర కలిపినా 18 గంటలే, నేను చెప్పిన 8, 10 కలిపినా 18 గంటలే. ఒకవైపు కలిసిన మూడున్నర గంటలు రెండోవైపు తీసివేతలో పోతాయి కాబట్టి మొత్తం ఎప్పుడూ సరిపోతుంది, విడివిడి అంకెలే తప్పుతాయి. మొత్తం సరిగ్గా కుదరడం వల్లనే ఈ పొరపాటు చాలామంది కంటపడదు. ఏ టికెట్టు చూసినా రెండు సమయాలనూ మన గడియారంలోకి మార్చి రాసుకున్నాకే తీసివేత చేయండి.

ఇక దూరం సంగతి. దేవనహళ్లి దగ్గరున్న కెంపేగౌడ విమానాశ్రయం నుంచి నారితా విమానాశ్రయానికి భూమి ఉపరితలం మీద అతి దగ్గరి దారిలో సుమారు 6,700 కిలోమీటర్లు. అదే దూరం మామూలు మైళ్లలో సుమారు 4,160, నాటికల్ మైళ్లలో సుమారు 3,600. విమానాలకూ ఓడలకూ వాడే నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లకు సమానం. మీరు చూసిన 6,700, 3,600 రెండూ నిజమే, కొలత పేరు చూడకుండా అంకె ఒక్కటే చదివినందువల్ల వచ్చిన అయోమయం అది. కొన్ని చోట్ల యాభై, వంద కిలోమీటర్ల తేడా కూడా కనిపిస్తుంది. కొందరు నగరం నడిబొడ్డు నుంచి కొలుస్తారు, కొందరు విమానాశ్రయం నుంచి కొలుస్తారు, టోక్యోకు నారితా, హానెడా అని రెండు విమానాశ్రయాలు ఉన్నాయి. ఈ తేడాలు ప్రయాణ కాలాన్ని ఆరేడు నిమిషాలకు మించి కదిలించవు, వాటి గురించి ఆలోచించనవసరం లేదు.

అయితే ఈ 6,700 కిలోమీటర్ల దారి ఎటు పోతుందన్నది మాత్రం కొంచెం ఆగి చూడదగినది. గోడకు వేలాడే పటం మీద బెంగళూరుకూ టోక్యోకూ మధ్య స్కేలు పెట్టి గీత గీస్తే ఆ గీత బర్మా నడిమి భాగం, వియత్నాం ఉత్తరపు అంచు, చైనా దక్షిణ భాగం, తైవాన్‌కు ఉత్తరాన ఉన్న సముద్రం మీదుగా పోతున్నట్టు కనిపిస్తుంది. కానీ భూమి గుండ్రంగా ఉంది కనుక అది దగ్గరి దారి కాదు. ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే దాని మీద ఈ రెండు ఊళ్ల మధ్య ఒక దారాన్ని బిగుతుగా లాగి పట్టుకోండి. దారం పటం మీది గీతకంటే బాగా ఉత్తరానికి వంగి కూర్చుంటుంది. మా వృత్తిలో దీన్ని గ్రేట్ సర్కిల్ దారి అంటారు. లెక్క ప్రకారం ఆ దారి బెంగళూరు నుంచి ఈశాన్యంగా బయలుదేరి, నెల్లూరుకూ కావలికీ మధ్య మన తీరం దాటి, బంగాళాఖాతం మీదుగా బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ పరిసరాల్లో మళ్లీ నేలను తాకి, బర్మా ఉత్తర భాగం, చైనాలోని యున్నాన్ మీదుగా సాగి, షాంఘైకి ఉత్తరాన సముద్రం దాటి, కొరియా దక్షిణపు అంచును ఒరుసుకుంటూ జపాన్ చేరుతుంది. విమానం అచ్చంగా ఈ గీత మీదనే పోదు. ప్రతి దేశం తన ఆకాశంలో నిర్దేశించిన దారులు ఉంటాయి, సైనిక అవసరాల కోసం మూసిన ప్రాంతాలు ఉంటాయి, తుఫాన్లు ఉంటాయి. అందువల్ల నిజంగా ఎగిరే దూరం ఎప్పుడూ 6,700కు కొన్ని వందల కిలోమీటర్లు ఎక్కువే ఉంటుంది.

ఇప్పుడు దూరాన్ని వేగంతో భాగిద్దాం. బోయింగ్ 787 వంటి పెద్ద విమానం పైకెక్కి నిలకడగా ఎగిరేటప్పుడు దాని వేగం గంటకు సుమారు 900 కిలోమీటర్లు. 6,700ను 900తో భాగిస్తే 7.44 వస్తుంది. ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి, 7.44 అంటే 7 గంటల 44 నిమిషాలు కాదు, 7 గంటల 27 నిమిషాలు. గంటకు వంద నిమిషాలు లేవు కదా. దీనికి పైకెక్కేటప్పుడు, కిందికి దిగేటప్పుడు తగ్గే వేగం, రన్‌వే దాకా పాకుతూ వెళ్లే సమయం, దారిలో మలుపులు కలిపితే మరో ముప్పావు గంట, గంట పడుతుంది. టికెట్టు మీద వేసే సమయం విమానం గేటు వదిలినప్పటి నుంచి అవతలి గేటు దగ్గర ఆగేదాకా లెక్కించేది, గాలిలో ఉన్న సమయం ఒక్కటే కాదు. గాలి అసలు లేని రోజంటూ ఒకటి ఉంటే, ఈ లెక్కన రెండు వైపులా దాదాపు ఎనిమిదింబావు, ఎనిమిదిన్నర గంటలు పట్టాలి. అలా పట్టకపోవడానికి కారణం గాలి. మీ ప్రశ్నకు అసలు జవాబు అక్కడే ఉంది.

రాజమండ్రి వైపు నుంచి పాపికొండలకు లాంచీలో వెళ్లినవాళ్లకు ఇది చెప్పకుండానే అర్థమవుతుంది. లాంచీ ఇంజను రెండువైపులా ఒకే జోరుతో నడుస్తుంది, కానీ వెళ్లేటప్పుడు గోదావరికి ఎదురు పోవాలి, వచ్చేటప్పుడు ఏటివాలున రావాలి, అందుకే వచ్చేటప్పుడు రేవు త్వరగా కనిపిస్తుంది. విమానం విషయంలో నీటికి బదులు గాలి. విమానం గంటకు 900 కిలోమీటర్లు పోతుందంటే తన చుట్టూ ఉన్న గాలిలో అంత పోతుందని అర్థం. ఆ గాలే గంటకు వంద కిలోమీటర్లతో టోక్యో వైపు కదులుతుంటే నేల మీద లెక్కకు వచ్చే వేగం 1,000 అవుతుంది, అదే గాలికి ఎదురు వస్తే 800 అవుతుంది. 6,700ను 1,000తో భాగిస్తే 6 గంటల 42 నిమిషాలు, 800తో భాగిస్తే 8 గంటల 22 నిమిషాలు. దారి మొత్తం మీద సగటున వంద కిలోమీటర్ల గాలి ఉంటే చాలు, రెండు వైపుల మధ్య ఒక గంట 40 నిమిషాల తేడా వచ్చేస్తుంది.

జనవరిలో ఆ గాలి అంతకంటే ఎక్కువే ఉంటుంది, అదీ దారి చివరి సగంలో. తూర్పు ఆసియా మీద, ముఖ్యంగా జపాన్ మీద, చలికాలంలో పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి ప్రవాహం ప్రపంచంలోనే అత్యంత బలమైన వాటిలో ఒకటి. మాకు వచ్చే గాలి పటంలో ప్రతి చోట చిన్న బాణపు పుల్ల ఒకటి గీసి ఉంటుంది. దాని చివర ఒక పూర్తి ఈక ఉంటే పది నాట్లు (గంటకు ఒక నాటికల్ మైలు వేగం ఒక నాట్), సగం ఈక ఉంటే అయిదు నాట్లు, నల్లగా నింపిన త్రికోణం ఉంటే యాభై నాట్లు. మన దక్షిణాది మీద చలికాలంలో పుల్లకు రెండు మూడు ఈకలు కనిపిస్తాయి. వేలు జరుపుతూ చైనా దాటి జపాన్ వైపు వస్తుంటే ఒక త్రికోణం, తర్వాత రెండు, క్యూషూ, హోన్షూ దీవుల దగ్గరకు వచ్చేసరికి ఒకే పుల్లకు మూడు త్రికోణాలు కనిపించిన రోజులు నేను చాలా చూశాను. మూడు త్రికోణాలంటే 150 నాట్లు, గంటకు సుమారు 278 కిలోమీటర్లు. వెనక నుంచి అంత గాలి తోస్తుంటే విమానం నేల లెక్కన గంటకు 1,150 కిలోమీటర్లకు పైగా పోతుంది. తిరుగు ప్రయాణంలో నారితాలో పైకెక్కిన విమానం అదే గాలిలోకి ముక్కు పెట్టి గంటకు 620, 650 కిలోమీటర్లతో నెట్టుకుంటూ రావాలి. అందుకే తిరుగు ప్రయాణానికి మేము చాలాసార్లు కావాలనే దూరం ఎక్కువైన దారిని ఎంచుకునేవాళ్లం. దక్షిణంగా రెండు మూడు వందల కిలోమీటర్లు చుట్టు తిరిగినా, గాలి తక్కువ ఉన్నచోట పోతే మొత్తం మీద సమయమూ ఇంధనమూ మిగులుతాయి. అతి తక్కువ దూరమే అతి తక్కువ సమయం కాదన్నది మా గదిలో కొత్తగా చేరిన వారికి మొదటి వారంలో చెప్పే మాట.

ఈ గాలిని శాస్త్రీయంగా మొదట కొలిచినవారిలో ముఖ్యుడు జపానుకే చెందిన వాసాబురో ఓయిషి. టోక్యోకు ఈశాన్యంగా ఉన్న తాతెనో పరిశీలనశాల నుంచి 1920లలో బెలూన్లు వదిలి, అవి ఎటు ఎంత వేగంగా కొట్టుకుపోతున్నాయో దుర్భిణితో గమనించి, ఆయన ఈ పడమటి గాలుల లెక్క కట్టారు. దాన్ని 1926లో ఎస్పెరాంటో అనే కృత్రిమ భాషలో ప్రచురించడం వల్ల బయటి ప్రపంచం పెద్దగా పట్టించుకోలేదు. ఈ దారికి మన వైపు చివర కూడా ఇలాంటి గాలే ఒకటి ఉంది, దాన్ని లోకానికి చెప్పినవారు మన తెలుగువారు కావడం నాకు ఎప్పుడూ గర్వంగా ఉంటుంది. భారత వాతావరణ శాఖకు డైరెక్టర్ జనరల్‌గా పనిచేసిన పంచేటి కోటేశ్వరం గారు 1958లో ఉష్ణమండల తూర్పు జెట్ గురించి పరిశోధన పత్రం ప్రచురించారు. నైరుతి రుతుపవనాల కాలంలో దక్షిణ భారతం మీద పద్నాలుగు, పదహారు కిలోమీటర్ల ఎత్తున ఈ గాలి తూర్పు నుంచి పడమరకు, అంటే జపాన్ గాలికి పూర్తిగా ఎదురు దిక్కులో వీస్తుంది. విమానాలు దాని కింది అంచున ఎగురుతాయి.

ఈ రెండింటినీ కలిపి చూస్తే కాలాన్ని బట్టి ప్రయాణం ఎలా మారుతుందో తెలుస్తుంది. జనవరిలో వెళ్లేటప్పుడు తొందరగా, వచ్చేటప్పుడు ఆలస్యంగా సాగుతుంది, తేడా రెండు గంటల దాకా ఉంటుంది. జూలై, ఆగస్టుల్లో జపాన్ మీది జెట్ స్ట్రీమ్ బలహీనపడి ఉత్తరానికి జరుగుతుంది. అదే సమయంలో మన వైపు తూర్పు గాలి బలంగా ఉండటం వల్ల బెంగళూరు నుంచి బయలుదేరిన విమానానికి బంగాళాఖాతం దాటేదాకా కొంత ఎదురుగాలి తగులుతుంది, వచ్చేటప్పుడు అదే గాలి చివరి గంటల్లో తోడు వస్తుంది. అందుకని ఎండాకాలం చివర, వానాకాలంలో రెండు వైపుల ప్రయాణ కాలాల మధ్య తేడా బాగా తగ్గిపోతుంది. మీ స్నేహితులు ఒకరు ఎనిమిదిన్నర అనీ, ఒకరు పది అనీ చెప్పివుంటే వాళ్లు ఏ నెలలో ఏ వైపు ప్రయాణించారో అడగండి, ఇద్దరూ నిజమే చెప్పారని తేలుతుంది.

నేరుగా వెళ్లాలా, మధ్యలో దిగాలా అన్న దానికి నా సలహా నిస్సందేహంగా నేరుగా వెళ్లమనే. జపాన్ ఎయిర్‌లైన్స్ 2021 నుంచి బెంగళూరు, నారితాల మధ్య నేరుగా విమానం నడుపుతోంది. బ్యాంకాక్ మీదుగా వెళ్తే రెండు అంగలూ కలిపి సుమారు 7,150 కిలోమీటర్లు, అంటే దూరం పెద్దగా పెరగదు. ఢిల్లీ మీదుగా సుమారు 7,600, సింగపూర్ మీదుగా సుమారు 8,500. ఢిల్లీ మన దేశంలోనే ఉంది కదా అని పెద్దవాళ్లు దాన్ని దగ్గరి దారి అనుకుంటారు గాని, దారం లెక్కలో అది బ్యాంకాక్ కంటే దూరమే. అయితే మోకాళ్ల నొప్పులున్న మనిషికి దూరంకంటే నడక ముఖ్యం. మధ్యలో ఒక ఊళ్లో దిగడమంటే ఇంకోసారి మెట్లు, ఇంకోసారి తనిఖీ వరస, ఒక గేటు నుంచి ఇంకో గేటుకు కిలోమీటరు దాకా నడక, రెండు మూడు గంటల నిరీక్షణ. నేరుగా పోయే విమానంలో పది గంటలు కూర్చోవడం కష్టమే, కానీ నడవా పక్క సీటు తీసుకుని గంటన్నరకోసారి లేచి నాలుగడుగులు వేస్తే అది తట్టుకోగల కష్టం. టికెట్టు కొనేటప్పుడే వీల్‌చెయిర్ కావాలని నమోదు చేయించండి, విమానాశ్రయానికి వెళ్లాక అడగవచ్చులే అని వదిలేయవద్దు. ఇంకొక మాట: జెట్ స్ట్రీమ్ అంచుల్లో మబ్బు లేకుండానే విమానం కుదుపుకు గురవుతుంది. వెళ్లేటప్పుడు చివరి రెండు గంటలు, వచ్చేటప్పుడు మొదటి రెండు గంటలు బెల్టు వదులు చేసుకుని అయినా పెట్టుకునే ఉండమనండి, లేచి తిరగడం మిగతా సమయంలో చేయవచ్చు.

ఇంటి గుమ్మం నుంచి గుమ్మానికి లెక్క వేస్తే 8 గంటల ప్రయాణం 15 గంటలకు పైనే అవుతుంది. మారతహళ్లి నుంచి సాయంత్రం వేళ అవుటర్ రింగ్ రోడ్డు, హెబ్బాళ ఫ్లైఓవర్ దాటి దేవనహళ్లి చేరడానికి రెండు గంటలు పెట్టుకోండి. అంతర్జాతీయ విమానాలు టెర్మినల్ 2 నుంచి బయలుదేరుతాయి, మూడు గంటల ముందు అక్కడ ఉండాలి. అంటే మధ్యాహ్నం మూడుకల్లా ఇల్లు వదలాలి. అక్కడ దిగాక ఇమిగ్రేషన్, సామాను కలిపి గంట, నారితా నుంచి టోక్యో స్టేషన్‌కు రైలులో దాదాపు మరో గంట. నారితా నగరానికి అరవై కిలోమీటర్ల దూరంలో ఉంది కాబట్టి టాక్సీ చాలా ఖరీదు, చెల్లెలినే ఎదురు రమ్మనడం మంచిది.

చివరగా తిరుగు ప్రయాణంలో తేదీ గురించి. కొన్నేళ్ల కిందట మా పెద్దన్నయ్యా వదినా ఇలాగే రాత్రి 12.30కి దిగే విమానంలో వచ్చారు. టికెట్టు మీద చేరే తేదీ 15 అని ఉంది. మా ఇంట్లో పిల్లవాడు 15 రాత్రి భోంచేసి బయలుదేరదామని కారు కడిగి పెట్టుకున్నాడు. వాళ్లు దిగింది 14 రాత్రి గడిచిన అరగంటకు. ఫోనులో రోమింగ్ లేక, ఎవరి నంబరూ కాగితం మీద లేక, ఇద్దరూ తెల్లవారేదాకా అరైవల్స్ దగ్గర కుర్చీల్లో శాలువా కప్పుకుని కూర్చున్నారు. అందుకని మీరు ఒక కాగితం మీద తెలుగులో ఇలా రాసి ఫ్రిజ్‌కు అంటించండి: దిగే తేదీకి ముందురోజు రాత్రి పదిన్నరకు ఇంటి నుంచి బయలుదేరాలి. అలాంటిదే ఇంకో కాగితం, మీ ఫోను నంబరుతో సహా, నాన్నగారి పాస్‌పోర్టులో పెట్టండి.